కుళాయి కాడ రాప్ కట్టిన పిన్ని

పిన్ని పోయిందన్న కబురు వచ్చేసరికి నేను స్టేషన్లో టికెట్ కౌంటర్ దగ్గర డ్యూటీలో ఉన్నాను. కిటికీ అవతల పలాస వెళ్ళే కుటుంబం నిలబడి ఉంది. ఫోను బల్ల మీద అదేపనిగా కదులుతోంది. మామూలుగా డ్యూటీలో ఎత్తను. అప్పలరాజు పేరు మళ్ళీ మళ్ళీ కనబడుతుంటే ఎత్తాను. వాడు మా హాస్య బృందంలో మిమిక్రీ చేస్తాడు, రైల్వే వర్క్‌షాపులో వెల్డరు. ఎప్పుడు ఫోన్ చేసినా స్టేషన్ అనౌన్స్‌మెంట్ గొంతుతో మొదలుపెడతాడు. ఆ రోజు మాత్రం వాడి సొంత గొంతే వినిపించింది.

"అక్కా, పిన్ని ఎల్లిపోనాదక్కా."

"ఎక్కడికి?" అన్నాను.

కిటికీ అవతలాయన తననే అడిగాననుకుని, "పలాస అమ్మా, పలాస. నలుగురం" అన్నాడు.

ఈ సంగతి పిన్నికి చెప్పి ఉంటే ఏడాది పొడుగునా స్టేజీ మీద వాడుకునేది. ఆ ఆలోచన వచ్చాకే నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. ఆ కుటుంబానికి టికెట్లు కొట్టి ఇచ్చి, పక్క కౌంటరు ఆవిడతో చెప్పి బయటపడ్డాను.

ఆ పొద్దున్న బాబాయ్ తలకి నూనె రాస్తూ, "కూసింత కూకుంటానుండండి" అని గడప మీద కూర్చుందట. అలాగే తలుపుకి ఆనుకుంది. డ్యూటీకి బయల్దేరబోతున్న కూతురు, అమ్మ ఇంకా లేవలేదేమిటని చూసేసరికి అయిపోయింది. గుండె అన్నారు డాక్టర్లు.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి పిన్నిని పరిచయం చెయ్యక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా వెనక రైల్వే క్వార్టర్ల లైన్లో ఉండేది. మా అమ్మకి సొంత చెల్లెలేమీ కాదు. ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి శ్రీకాకుళం వైపు నుంచి కొత్త కోడళ్ళుగా ఈ ఊరొచ్చారు. ఇద్దరికీ బెంగాలీ ఒక్క ముక్క రాదు. కూరలబండి దగ్గర వేళ్ళు చూపించి బేరాలాడుకుంటూ అక్కాచెల్లెళ్ళయిపోయారు. బాబాయ్ వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరయ్యాక కూతురికి కూడా అక్కడే ఉద్యోగం రావడంతో, ఆ అమ్మాయి పేరు మీద వచ్చిన క్వార్టర్లోనే ముగ్గురూ ఉండేవారు.

పిన్ని స్టేజీ ఎక్కిన సంగతి మా లైన్లో అందరూ చెప్పుకునేదే. వినాయక చవితి పందిట్లో మగవాళ్ళు ఏదో హాస్య నాటిక వేస్తున్నారు. భార్య వేషం కట్టాల్సిన ఆయనకి డ్యూటీ పడి రాలేదు. భర్త వేషం ఆయన ఒక్కడే స్టేజీ మీద నిలబడి, లేని భార్యని ప్రశ్నలు అడుగుతున్నాడు. కింద ఆడవాళ్ళలో కూర్చున్న పిన్ని, కూతురికి వేరుశెనగలు ఒలిచి పెడుతూ, ఒక్కో ప్రశ్నకీ జవాబు చెప్పడం మొదలెట్టింది. కాసేపటికి జనమంతా స్టేజీకి వీపు పెట్టి ఆవిడ వైపు తిరిగి కూర్చున్నారు. కమిటీ ఆయన మైకులో, "ఆ జవాబులేవో పైకొచ్చి చెప్పమ్మా" అని బతిమాలుకున్నాడు. పిల్లని చంకనేసుకుని ఎక్కింది. ఆ తరవాత మా ఊళ్ళో పిన్ని లేని పండగ ప్రోగ్రాం లేదు.

అసలు నవ్వంతా బాబాయ్‌తో కలిసి వేసే 'మాటాడని మొగుడు'లో ఉండేది. బాబాయ్ కుర్చీలో పేపరు చదువుకుంటూ ఉంటాడు. పిన్ని సంచీ పట్టుకుని వస్తుంది. కుళాయి దగ్గర తగువు, చేపలవాడి మోసం, అత్తగారి చాడీలు, పక్క క్వార్టరావిడ కొత్త చీర, అన్నీ ఊపిరి తిప్పుకోకుండా ఏకరువు పెడుతుంది. చివర కొంగుతో మొహం తుడుచుకుని, "ఇదీ సంగతి. ఏటంతారు?" అంటుంది. బాబాయ్ నిదానంగా పేపరు మడుస్తాడు. ఆవిడని చూస్తాడు. మమ్మల్ని చూస్తాడు.

"అయితే?" అంటాడు.

అంతే. పందిరి లేచిపోయేది. ఆ ఒక్క మాట ఎన్ని పండగలకి విన్నామో, విన్న ప్రతిసారీ నవ్వాం.

"నవ్వు నాది కాదే" అనేది పిన్ని. "నాను కట్టెలు పేరస్తాను. అగ్గిపుల్ల గీసేది ఆయనే."

నేను పదో తరగతిలో ఉండగా నన్ను పట్టుకెళ్ళి కోడలి వేషం వేయించింది. నలుగురిలో నోరు మెదపని పిల్లని. భయంతో నా మాటలన్నీ గబగబా అప్పజెప్పేశాను. దిగాక పక్కకి పిలిచి చెప్పింది. "నవ్వుతున్నోళ్ళ మీద ఇంకో మాట పడనీకూడదే. అన్నం తింతన్నోడి ఇస్తట్లో నీళ్ళు పోసినట్టుంటాది. ఆళ్ళని తిననీ. నువ్వు నిలబడు." స్టేజీ మీద నిలబడటం నాకు ఆవిడే నేర్పింది. కౌంటర్లో ఎవరైనా నా మీద అరిచినప్పుడు కూడా నేను ఆ మాటే తలుచుకుని ఊరుకుంటాను.

స్టేజీ ఎక్కేముందు ఒక లవంగం బుగ్గన పెట్టుకునేది. చలికాలమైనా సరే చెప్పులు విప్పేసి ఎక్కేది. తన జోక్‌కి తను ఎప్పుడూ నవ్వేది కాదు, పెదవి కూడా కదిలేది కాదు. నవ్వనివాళ్ళు ఎవరో మాత్రం పైనుంచి కనిపెట్టేసేది. ఒకసారి ప్రోగ్రాం మధ్యలో కిందికి దిగొచ్చి, "ఆ మూల నీలం చొక్కా ఆయన అస్సలు నవ్వనేదే. ఏటైనాదో కనుక్కో" అంది నాతో. కనుక్కుంటే, ఊళ్ళో తల్లి మంచాన పడి ఉందట, సెలవు దొరకలేదట. పిన్ని తన తరవాతి అంశం అప్పలరాజుకి ఇచ్చేసి, వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. ఏం మాట్లాడిందో తెలీదు. నవ్వించాలని చూడలేదు, అది మాత్రం తెలుసు.

బాబాయ్‌కి పక్షవాతం వచ్చింది, రిటైరైన మరుసటి ఏడాది. కుడి చెయ్యి, కుడి కాలు కొంత స్వాధీనం తప్పాయి. మాట పూర్తిగా పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, తిరిగి చెప్పడానికి మాట దొరకదు. నీళ్ళు కావాలంటే బిందె వైపు చూస్తాడు. చూసింది అందకపోతే కళ్ళు మూసుకుంటాడు.

పిన్ని స్టేజీ మానేసింది. కమిటీవాళ్ళు ఇంటికొచ్చి అడిగితే చేతులు జోడించింది. "జవాబు సెప్పే మనిసి నేకుండా నానొక్కర్తినీ వాగితే అది హాస్యం కాదు బాబూ, కుళాయి కాడ తగువు."

ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఒకటి గమనించేదాన్ని. బాబాయ్‌తో మాట్లాడేటప్పుడు మధ్యమధ్య ఆగేది. "కూర బావుందేటి?" అని, జవాబుకి ఎంతసేపు పడుతుందో అంతసేపూ చూసి, అప్పుడు తరవాతి మాటకి వెళ్ళేది. ఆయన జవాబు చెప్పినట్టే, తను విన్నట్టే. మర్యాద అలా కూడా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

మా బృందంలో నేనూ అప్పలరాజూ మిగిలాం. మా నాటికలు చూడటానికి ముసలివాళ్ళు తప్ప ఎవరూ ఆగేవారు కాదు. ఒక పూజ పందిట్లో కుర్రాళ్ళు రాప్ పాడితే జనం విరగబడ్డారు. అది చూసొచ్చి అప్పలరాజు, "అక్కా, మనం కూడా రాప్ సేద్దుం. కామెడీ రాప్. ఆల్బమే తీసీద్దుం" అన్నాడు. ఇద్దరు పిల్లల తల్లిని, నేను రాపేమిటని నవ్వాను. వాడు నవ్వలేదు. "మనకి రాయడం రాదక్కా. పిన్నిని అడుగుదుం" అన్నాడు.

వెళ్ళేసరికి పిన్ని వాకిట్లో చేపలు తోముతోంది. అప్పలరాజు ఫోన్లో ఒక రాప్ పెట్టి ఆవిడ చెవి దగ్గర పట్టుకున్నాడు. కాసేపు విని అడిగింది.

"ఈ గుంటడికేటిరా, అంత కోపం?"

"కోపం కాదు పిన్నీ, స్టైలు."

"దీనికి రాగం అక్కర్నేదా?"

"అక్కర్నేదు."

"గొంతు?"

"అదీ అక్కర్నేదు. మాట ఆగకుండా ఉంటే సాలు."

"ఓలమ్మో! ఇది నాను పెతిరోజూ కుళాయి కాడ సేసేదే కదరా! దీన్ని ఆల్బం అంతారని ఒకులూ సెప్పనేదు."

చేతిలో చేప అలాగే ఉంది. అక్కడికక్కడే అందుకుంది.

"ఒరే కుళాయీ, ఏటి నీ బడాయి
తెల్లారి లేస్తే నీతోనె లడాయి
బకెట్టెడితే గాలొదులుతావు
బకెట్టు తీస్తే నీలొదులుతావు!"

అప్పలరాజు నోటితో డప్పు అందుకున్నాడు. నేను నవ్వుతున్నాను. అప్పుడు లోపలి గదిలోంచి ఇంకో చప్పుడు వినబడింది. బాబాయ్ ఎడం చేత్తో మంచం పట్టీ మీద తాళం వేస్తున్నాడు. ఎక్కడా తప్పకుండా, సరిగ్గా వేస్తున్నాడు.

పిన్ని తల తిప్పి చూడలేదు. మళ్ళీ మొదటి నుంచి అదే అంది, ఈసారి కొంచెం నిదానంగా. లోపల తాళమూ నిదానించింది. చేతికంటిన చేప పొలుసులు ఎండకి మెరుస్తున్నాయి.

"ప్రాక్టీసు నా ఇంటికాడే. ఆయన మంచం పక్కనే. ఇష్టమైతే సెప్పండి" అంది.

అలా మొదలైంది. మధ్యాహ్నాలు నా డ్యూటీ చూసుకుని, అప్పలరాజు షిఫ్టు చూసుకుని, పిన్ని ఇంట్లో చేరేవాళ్ళం. వానాకాలం కారే కప్పు మీద ఒక పాట కట్టింది. పూరీ గేట్‌కి పోనీమంటే సరేనని ఊరంతా తిప్పే టోటో, అదే బ్యాటరీ ఆటో, డ్రైవరు మీద ఒకటి. తెలుగు అత్తకీ బెంగాలీ కోడలికీ చేపల కూర దగ్గర యుద్ధం ఒకటి. ఏదీ కాగితం మీద రాసేది కాదు. నోట్లోంచి రావడం, మేం పట్టుకోవడం. బాబాయ్ తాళం.

చివరి పాటగా 'మాటాడని మొగుడు' రాప్ చేద్దామంది. అదే పాత గోల, కొత్త దరువు. ప్రతి చరణం చివరా "ఏటంతారు?" అని ఆపి, నాలుగు దెబ్బలు ఖాళీ వదిలింది. మొదటి రోజు ఆ ఖాళీలో అప్పలరాజు బాబాయ్ గొంతుతో "అయితే?" అన్నాడు. వాడు ఎవరి గొంతైనా దింపేస్తాడు. అచ్చం బాబాయ్ మాటే, మునుపటిలాగే వినిపించింది.

బాబాయ్ మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

పిన్ని అప్పలరాజు భుజం మీద చెయ్యేసింది. తిట్టలేదు. "ఒద్దురా. అది ఆయన జాగా. అందులో ఎవులూ కూకోకండి" అంది.

ఆ తరవాత ఆ నాలుగు దెబ్బలూ ఖాళీగానే నడిచేవి. బాబాయ్‌ని వైద్యానికి పెద్దాస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు అక్కడి డాక్టరమ్మ, మాటగా రానిది కొందరికి తాళం మీద రావచ్చమ్మా, కానీ ఆశ ఎక్కువ పెట్టుకోకండి అని చెప్పిందట. ఆశ ఎంత పెట్టుకుందో పిన్ని మాకు చెప్పలేదు.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం. రెండో చరణం అయింది. "ఏటంతారు?" అంది పిన్ని. ఖాళీ నడుస్తోంది. మంచం మీంచి, "అ... అయి..." అని వచ్చి, నాలుగో దెబ్బకి, "తే" అని పడింది.

అప్పలరాజు నోటి డప్పు ఆగిపోయింది. పిన్ని వాడి వైపు గుడ్లురిమి చూసి, తన తొడ మీద తనే దరువు కొట్టుకుంటూ మూడో చరణం ఎత్తుకుంది. ఏమీ జరగనట్టు, ఆ మాట రోజూ వస్తున్నట్టు పాట పూర్తి చేసింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. వెనకే వెళ్ళాను. మంచినీళ్ళు తాగుతోంది. నా మొహం చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడవకే. మనం ఏడిస్తే ఆయన తప్పు సేసినాననుకుంటారు."

ఇంకో మాట రాలేదు బాబాయ్‌కి. నీళ్ళు అనడం రాలేదు, కూతురి పేరు రాలేదు, పిన్నిని పిలవడం రాలేదు. ఆ ఒక్క మాటే, అది కూడా తాళం మీద, అది కూడా ఒకనాడు వస్తే ఒకనాడు రాదు.

పూరీ గేట్ దగ్గర, అందరూ దాదా అని, అంటే అన్నా అని పిలిచే ఒకాయన రికార్డింగ్ గది నడుపుతాడు. టోటోల మీద తిరిగే బట్టల షాపుల ప్రకటనలు ఆయన చేసేవే. బెంగాలీ ఆయనే కానీ తెలుగు లైన్లో పెరిగాడు, మన తిట్లు మనకన్నా బాగా తిడతాడు. నూలు చీర కట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విప్పి, లవంగం బుగ్గన పెట్టుకుని లోపలికొచ్చిన పిన్నిని చూసి, "దీదీ, రాప్ ఆప్నీ గాబెన్? మీరే పాడతారా?" అన్నాడు. కుళాయి పాట అయ్యేసరికి మిషను మీద తల పెట్టుకుని నవ్వుతున్నాడు.

చివరి పాటకి బాబాయ్‌ని టోటోలో తీసుకెళ్ళాం. గోడలకి బొంతలు కట్టిన చిన్న గది. మూతి దగ్గర మైకు. బాబాయ్ ఆ మైకుని చూసి పెదాలు బిగించేశాడు. పాట మొదలెట్టాం, ఖాళీ వచ్చింది, పోయింది. మళ్ళీ చేశాం. "ఆబార్ దీదీ, మళ్ళీ సేద్దుం. తొందరేటీ నేదు" అంటూనే ఉన్నాడు దాదా. బాబాయ్ నుదుటి మీద చెమట పడుతోంది. ఎడం చెయ్యి తాళం కూడా మరిచిపోయింది.

పిన్ని చెవుల మీంచి హెడ్‌ఫోన్ తీసేసింది. "సాలు. పెద్దమనిసిని పరీచ్చకి కూకోబెట్టినట్టున్నాం" అని, కొంగుతో ఆయన నుదురు తుడిచింది.

"మరి ఆ ఖాళీ ఏం చెయ్యను?" అన్నాడు దాదా.

"అలగే ఉంచీండి."

"దీదీ, వినేవాళ్ళు ఫోన్ పాడైపోయిందనుకుంటారు."

"అనుకోనీండి. ఇన్నాళ్ళూ నాకూ అలగే అనిపించినాది" అంది పిన్ని.

దాదా ఆ ఖాళీని ముట్టుకోకుండా మిషను కట్టేశాడు.

ఆల్బం బయటికొచ్చింది. దేశమంతా ఊగిపోయిందని చెప్పను. మా ఊరి టోటోల్లో కుళాయి పాట కొన్నాళ్ళు మోగింది. ఇంజనీరింగ్ చదువుకోడానికి ఇంత దూరం వచ్చిన తెలుగు పిల్లలు కొందరు పిన్ని ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, వాకిట్లో కూర్చుని పప్పుచారు అన్నం తిని వెళ్ళారు. ఒకమ్మాయి వరంగల్ పిల్ల, "ఆంటీ, మీ పాట వింటే మా అమ్మ తిట్టినట్టే ఉంటది" అని పిన్నిని పట్టుకుని ఏడ్చింది. పిన్ని ఆ పిల్లకి వరసపెట్టి తిట్లు వినిపించి పంపించింది. మా లైన్లో ఒకరిద్దరు పెద్దవాళ్ళు మాత్రం, మంచాన పడ్డ మొగుణ్ణి పెట్టుకుని ఈ వయసులో ఈ గెంతులేమిటన్నారు. ఆ మాట పిన్ని చెవిన పడింది. "ఆయన కోసమే గెంతుతున్నానని ఆళ్ళకేటి తెలుసు" అంది నాతో. అంతకుమించి ఆ ఊసెత్తలేదు.

ఆ చవితికి పందిట్లో ఆల్బం పాటలు పాడమన్నారు. పిన్ని బాబాయ్‌ని అడగలేదు. ఆయనే బయల్దేరే వేళకి గూట్లోంచి పేపరు తీసుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కూతురు తెల్లచొక్కా తొడిగింది.

స్టేజీ మీద ఆ కుర్చీలో బాబాయ్‌ని చూడగానే పాతవాళ్ళంతా గుసగుసలాపేశారు. పిన్ని మొదలెట్టింది. మొదటి ఖాళీ వచ్చింది. బాబాయ్ పేపరు చూస్తూనే ఉన్నాడు. రెండో ఖాళీకీ అంతే. మూడోసారి పిన్ని, "ఏటంతారు?" అని ఆయన వైపు తిరిగి నిలబడింది. నాలుగు దెబ్బలు అయిపోయాయి. పక్కన మిషను దగ్గర కూర్చున్న దాదా పాట ముందుకి పోనివ్వకుండా ఆ దరువునే తిప్పుతూ ఉన్నాడు. ఇంకో నాలుగు, మరో నాలుగు. పందిట్లో ఎవరూ దగ్గలేదు. పిన్ని ఆయన్ని చూస్తూ ఉంది. తరవాత, ఫరవాలేదండీ అన్నట్టు ఆయనకి తల ఊపి, జనం వైపు తిరిగి ముగింపు మాట ఎత్తుకుంది.

"ఇదండీ మా ఇంటి బాగో..."

"అయితే?" అన్నాడు బాబాయ్.

సరిగ్గా ఆవిడ మాట మధ్యలో పడింది. గట్టిగా, విసుగ్గా, పాత రోజుల్లోలాగే. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తరవాత వచ్చిన నవ్వు లాంటి నవ్వు నేను మళ్ళీ వినలేదు. పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. వంగిపోయింది, ఆగలేదు. బాబాయ్ కుర్చీ కాళ్ళ దగ్గర చతికిలబడి, "నా మాట కోసీసినారు సూడండి! ఇందరి ముందు కోసీసినారు!" అంటూ పగలబడి నవ్వింది. స్టేజీ మీద ఆవిడ నవ్వగా చూడటం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

"ఆ ఆలిసమే నవ్వించినాదే" అంది మర్నాడు. "టైమింగు మర్సిపోనేదు ఆయన."

చలికాలం వచ్చేసరికి పిన్నికి ఆయాసం మొదలైంది. చరణం మధ్యలో ఊపిరి చాలక ఆగిపోయేది. మేం ఆ చివరి మాటలు అందుకునేవాళ్ళం. "బీపీ బిళ్ళల మీద రెండో ఆల్బం తీద్దుం. అందులో అన్నీ చిన్న చిన్న మాటలే పెడతాను" అనేది. డాక్టరు రాసిన మందులు వేసుకునేది, కూతురు మెట్లెక్కొద్దంటే ఎక్కేది కాదు. అన్నీ చెప్పినట్టే చేసింది. అయినా వెళ్ళిపోయింది.

ఆ రోజు మా లైన్లో జనం పట్టలేదు. ఏడుస్తూ ఏడుస్తూ ఎవరో పిన్ని చెప్పిన మాటొకటి గుర్తు చేసుకునేవారు, పక్కవాళ్ళకి నవ్వొచ్చేది, నవ్వినందుకు మళ్ళీ ఏడ్చేవారు. దాదా షాపు మూసేసి వచ్చి వాకిట్లో తలొంచుకుని నిలబడ్డాడు. అప్పలరాజు వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తూ తిరిగాడు. ఎత్తేముందు బాబాయ్‌ని పట్టుకుని తీసుకొచ్చి పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఎడం చెయ్యి ఆవిడ నుదుటి మీద పెట్టాడు. పెదాలు కదిలాయి. అందరం ఆగాం. మోయడానికి వంగినవాళ్ళు కూడా వంగినట్టే ఆగారు. పెదాలు మళ్ళీ కదిలాయి. ఏదో ఒక మాట, పేరో పిలుపో, ఆయన లోపల వెతుక్కుంటున్నాడని మాకు తెలుస్తూనే ఉంది. దొరకలేదు. అక్కడ ఆయనకి అందించడానికి తాళం లేదు. తాళం వేసి, ఎంతసేపైనా ఆగే మనిషి కళ్ళు మూసుకుని పడుకుని ఉంది.

పెద్దకర్మ అయ్యాక కూతురు ఒక రోజు 'మాటాడని మొగుడు' పాట పెట్టి చూసిందట. బాబాయ్ ఆఖరిదాకా విన్నాడట. ఖాళీలన్నీ అలాగే గడిచిపోయాయట. వద్దన్నట్టు తల తిప్పాడట. మళ్ళీ పెట్టలేదు.

పిన్నికి నేనేం చెల్లించగలను? నోరు లేని పిల్లకి నోరిచ్చింది. అవతలివాళ్ళ మాట కోసం ఆగడం ఇచ్చింది. నా పిల్లలు ఏదైనా చెప్పబోయి తడుముకుంటుంటే, మిగతా మాట నేనే అనేయకుండా నోరు మూసుకుని చూస్తాను. ఆ కాసేపూ పిన్ని నా పక్కనే ఉన్నట్టుంటుంది.

నిన్న సాయంత్రం డ్యూటీ దిగి ఆ ఇంటికి వెళ్ళాను. బాబాయ్ వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. మెట్టు మీద కూర్చున్నాను. వర్క్‌షాపు వదిలిపెట్టారు. సైకిళ్ళు లైన్లోకి తిరిగాయి, ఒకటి వెనక ఒకటి, క్యారేజీలు ఊగుతూ. ఆ గుమ్మం ముందుకి రాగానే అందరూ తొక్కడం ఆపి, నెమ్మదిగా పోనిస్తూ, బాబాయ్ వైపు చెయ్యెత్తారు. బెంగాలీవాళ్ళు, ఒడియావాళ్ళు, మనవాళ్ళు. బాబాయ్ ప్రతి సైకిలుకీ ఎడం చెయ్యి ఎత్తాడు. మధ్యలో దించడం కుదరక ఎత్తే ఉంచాడు. ఆఖరి సైకిలు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. వీధిలో ఎవరూ లేరు. ఆయన చెయ్యి మాత్రం అలాగే పైకెత్తి ఉంది.